‘ళ’ దగ్గర ఆగిపోయిన పెళ్ళి

చేతులాడిస్తూ వినండర్రా. ఇంత చింతపండు ముందేసుకుని కూచున్నది గింజలు తియ్యడానికి గానీ ఆ గింజలతో ఆటలాడ్డానికి కాదు. వసంతీ, ఆ పుల్ల నోట్లోంచి తియ్యి. ఇవాళ కథ మధ్యలో “అంటే ఏంటి మామ్మా” అని ఎవరైనా అడిగారో, చెప్పడం అక్కడితో ఆపేస్తా. నిన్నేమైంది? “గవాక్షం అంటే ఏంటి, పల్యంకం అంటే ఏంటి” అని పీక్కుతిన్నారు. పాపం ఆ రాకుమారి కిటికీ దగ్గర నించున్నది నించున్నట్టే ఉండిపోయింది. ఇంతలో మీకు అన్నాల వేళయింది. నా కథ మట్టిగొట్టుకుపోయింది.

సరే, వినండి. అనగా అనగా, మీ తాతకి తాత ఇంకా ఉయ్యాల ఎక్కకముందు, పలుకుదుర్గం అని ఒక రాజ్యం. దానికి కొండవర్మ అని ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మార్తాండుడు, నడిపివాడు కోదండుడు, చిన్నవాడు వల్లభుడు. ఊఁ కొట్టండి. ఊఁ కొట్టకపోతే నేనెవరికి చెబుతున్నట్టు?

రాజు మంచివాడే. జనాన్ని పీడించడు, ఎవర్నీ కొట్టడు, తిట్టడు. కానీ ఒక్క పిచ్చి ఉంది. గొలుసుమాటల పిచ్చి. రాజుగారి మాట ఏ అక్షరం దగ్గర ఆగిందో, బదులు చెప్పేవాడు ఆ అక్షరంతోనే మొదలెట్టాలి. గుణింతం ఏదైనా పరవాలేదు, అక్షరం మాత్రం అదే ఉండాలి. అది ఆ రాజ్యంలో శాసనం.

“వైద్యుడా, కడుపులో మంట!” అంటాడు రాజు. వైద్యుడు ‘ట’ తో మొదలెట్టాలి కదా! “టెంకాయ నీళ్ళు తాగండి ప్రభూ” అంటాడు. కాలు నొప్పన్నా ఆఖర్న మంట అనే అంటాడు, కన్ను నొప్పన్నా మంట అనే అంటాడు. రోగం ఏదైనా టెంకాయ నీళ్ళే. రోజూ భోజనాల దగ్గర “మహారాణీ, ఇవాళ కూర ఏం చేశావు?” అంటాడు. ఆవిడ ‘వ’ తో మొదలెట్టాలి కనక “వంకాయ” అనేది. వంకాయ అన్నాక వంకాయ వండక తప్పదు కదా. ఆరు నెలలు వంకాయ తిని తిని ఆవిడకి ఒళ్ళు మండి, చివరికి మొగుడితో మాట్లాడ్డమే మానేసింది. ఆవిడ స్థానంలో నేనుంటే పుట్టింటికి పోదును.

పైగా ఆ సభలో అందరికీ పాతమాటలు కంఠతా రావాలి. ఎంత పాతదైతే అంత గొప్ప. “గాదె!” అంటాడు రాజు. “దుత్త!” అంటాడు మార్తాండుడు. “తిరగలి!” అంటాడు కోదండుడు. సభంతా చప్పట్లు.

“తిరగలి అంటే ఏంటి నాన్నా?” అంటాడు వల్లభుడు.

అంతే, చప్పట్లు ఆగిపోయేవి. రాజు తల పట్టుకునేవాడు. ఎందుకంటే ఆ సభలో అర్థం అడగడమంత పరువు తక్కువ పని ఇంకోటి లేదు. అడిగినవాడు తనకి రాదని ఒప్పుకున్నట్టే కదా! అందుకని అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏదీ అడగరు. గాదె అంటే ధాన్యం పోసుకునేదని గానీ, దుత్త అంటే చిన్న కుండని గానీ ఆ మహానుభావుల్లో ఒక్కడికీ తెలీదు. తెలీదని కూడా తెలీదు. ఈ చిన్నవాడొక్కడే “అంటే ఏంటి? అంటే ఏంటి?” అని నస. అన్నలు చెవులు మూసుకునేవాళ్ళు. గురువుగారు “శుంఠ” అనేవాడు. వసంతీ, నువ్వెందుకు మొహం ముడుచుకుంటావు? నిన్ననలేదు.

పెద్దవాళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. చిన్నవాడికి కలువగిరి రాజుగారి అమ్మాయిని చూశారు. పేరు సంపంగి. పెళ్ళిచూపుల్లో “నీకేం ఇష్టమమ్మా?” అని మహారాణి అడిగితే, “నువ్వుజీడి అంటే ఇష్టమండీ” అంది.

“నువ్వుజీడి అంటే ఏంటి?” అన్నాడు వల్లభుడు.

“చంపేశాడు, ఇక్కడా మొదలెట్టాడు” అని అన్నలిద్దరూ నేలచూపులు చూశారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, వెక్కిరించలేదు. లోపలికెళ్ళి ఒక ముక్క తెచ్చి వాడి చేతిలో పెట్టింది. “తినండి, తెలుస్తుంది” అంది. వాడు తిన్నాడు. తెలిసింది. పుట్టి బుద్ధెరిగాక వాడడిగినదానికి బదులు దొరకడం అదే మొదలు. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానని అక్కడే కూచున్నాడు.

ఇక పెళ్ళిరోజు. పందిట్లో బాజాలు మోగుతున్నాయి. పెళ్ళికూతురు గౌరీపూజ దగ్గర కూచుంది. రాజుగారు సింహాసనమ్మీంచి లేచి, వియ్యాలవారిని చూసి మురిసిపోతూ, “మా వియ్యంకుడికి బంగారు తాంబాళం!” అన్నాడు. అనేసి ఆగాడు. తన మాట ‘ళ’ దగ్గర ఆగిందని చూసుకుని తెగ సంబరపడ్డాడు. “ఎవరందుకుంటారో చూద్దాం” అన్నట్టు కళ్ళు మూసుకుని మీసం దువ్వుకుంటూ కూచున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆకాశంలోంచి నల్లటి పొగ దిగింది. అది ధూమకేశుడనే మాంత్రికుడి పొగ. సంపంగిని పీటతో సహా చుట్టేసి పైకి లేచింది. కావలివాడు చూశాడు. పరిగెత్తుకుంటూ రాజు ముందుకొచ్చి నోరు తెరిచాడు.

“ళ…” అన్నాడు. “ళ… ళ…”

‘ళ’ తో మొదలయ్యే మాట ఏముందర్రా మన తెలుగులో? రేపు మీ బడిలో అడగండి, మీ పంతులుగారు కూడా నోరు తెరుచుకుని ఉండిపోతారు. కావలివాడు ళళళ అంటుంటే మంత్రి వచ్చాడు. ఆయనా “ళ” అన్నాడు. పురోహితుడూ “ళ” అన్నాడు. మార్తాండుడూ కోదండుడూ వేళ్ళు మడుస్తూ వెతుక్కుంటున్నారు. పొగ కోట దాటింది. పొలాలు దాటింది. కొండ దాటుతోంది. ఇక్కడ మాత్రం పందిరి నిండా జనం ళళళ అంటున్నారు. నాకు చెబుతుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

“నాన్నా! సంపంగిని ఎత్తుకుపోతున్నారు!” అని అరిచాడు వల్లభుడు.

రాజు కళ్ళు తెరిచాడు. తెరిచి ఏమన్నాడో తెలుసా? “‘నా’ తో మొదలెట్టావేంట్రా? ‘ళ’ కదా!” అన్నాడు.

విన్నారా? అయ్యో, కోడలిపిల్లని ఎవడో ఎత్తుకుపోతుంటే ఈ ముసలాయనకి అక్షరం కావలసొచ్చింది! ఆ ఆచారం తగలెయ్య! ఆయన తేరుకుని ఆకాశం కేసి చూసేసరికి పొగ లేదు, పిల్ల లేదు, పీట కూడా లేదు.

“ధూమకేశుడి కోట ఏడు సముద్రాల అవతల ఉంది ప్రభూ” అని ముసలిమంత్రి చెప్పాడు. ఏ అక్షరంతో మొదలెట్టి చెప్పాడని నన్నడక్కండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి అక్షరాలు అక్కర్లేదు.

“నేను వెళ్తాను” అన్నాడు వల్లభుడు.

“పెద్దవాడుండగా చిన్నవాడు గడప దాటకూడదు. పైగా నువ్వు శాసనం తప్పావు” అన్నాడు రాజు. ఇంకో ఆచారం! ఇంటి నిండా ఆచారాలే.

మార్తాండుడు ఓడ ఎక్కడానికి సముద్రపొడ్డుకి పోయాడు. అక్కడ ఇసకలో ఒక పెద్ద మట్టిపాత్ర బోర్లా పడి ఉంది. దానికింద ఓ ముసలి తాబేలు ఇరుక్కుని, “బాన! బాన! అయ్యా, బాన!” అని అరుస్తోంది. మార్తాండుడు ఠక్కున ఆగాడు. “న… నగారా! నీ వంతు!” అన్నాడు. తాబేలు బిత్తరపోయింది. వాడు కాసేపు చూసి, దానికి రాలేదనుకుని, గెలిచానని ఓడెక్కి పోయాడు. నెలైంది, రాలేదు.

తరవాత కోదండుడు పోయాడు. తాబేలు “బాన! బాన!” అంది. “న… నిచ్చెన! నీ వంతు!” అన్నాడు వీడు. వీడూ గెలిచాడు. వీడూ ఓడెక్కి పోయాడు. ఇంకో నెలైంది, రాలేదు. ఏ పాటి బుర్రలర్రా అవి! ప్రాణం పోతోందని ఒకడు అరుస్తుంటే మాటకి మాట అందుకుని పోతారా?

అప్పటికి గాని రాజుగారికి దిగులు పట్టుకోలేదు. కోడలు పోయె, కొడుకులిద్దరూ పోయె. ఉన్న రెండు ఓడలూ పోయె. సింహాసనమ్మీద కూచుని ఉలకడు, పలకడు. ఆయన పలకడు కనక సభలో ఎవరూ పలకరు. “నేను వెళ్తున్నాను” అన్నాడు వల్లభుడు. ఈసారి ఆయన తలూపాడు.

వల్లభుడు ఒడ్డుకి పోయాడు. “బాన! ఇంకెవడైనా నగారా, నిచ్చెన అంటే కొరుకుతా!” అంది తాబేలు లోపల్నించి.

“బాన అంటే ఏంటి తాతా?” అన్నాడు వల్లభుడు.

“నా నెత్తిమీదున్నదేరా శనిగ్రహం! నీళ్ళు కాచుకునే పాత్ర! ఎత్తు!”

వాడు ఎత్తాడు. తాబేలు బయటికొచ్చి కాళ్ళు చాపుకుని, “రెణ్ణెల్లు! రెణ్ణెల్ల నించి అరుస్తున్నా. ఇద్దరొచ్చారు, ఇద్దరూ నాతో ఆటలాడి పోయారు. మీ ఊళ్ళో అడిగేవాడు ఒక్కడూ లేడా?” అంది.

“నేనొక్కణ్ణే తాతా. అందుకే మా వాళ్ళకి నేనంటే విసుగు.”

“ఎక్కు వీపు మీద” అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు సముద్రాలూ దాటారు. దారి పొడుగునా ఆ తాబేలు తిడుతూనే ఉంది. ఏడో సముద్రం అవతల ఉక్కుకోట, దాని వాకిలి బార్లా తెరిచి ఉంది. “అందులో అడుగుపెట్టకు. ఆ వాకిట్లోంచి పోయినవాడు తిన్నగా మాంత్రికుడి చిలక ముందుకి పోతాడు, మళ్ళీ రాడు. గోడవారన ఓ ఎలక ఉంటుంది, దాన్నడుగు” అంది తాబేలు.

ఎలక ఉంది. దానికెదురుగా తూము ఉంది. తూము ముందు దున్నపోతంత నల్లపిల్లి కూచుని ఉంది.

“దారి చూపిస్తా గానీ, ఆ పిల్లికి ముందు చిక్కం వెయ్యి. ఇదివరకు వచ్చినవాళ్ళకీ ఇదే చెప్పా. ‘చిక్కం’ అనగానే ఒకడు ‘కందెన’ అన్నాడు, ఒకడు ‘కంబళి’ అన్నాడు. నవ్వుకుంటూ వాకిట్లోంచి పోయారు” అంది ఎలక.

“చిక్కం అంటే ఏంటి ఎలకమ్మా?”

“ఏడు సముద్రాలు దాటొచ్చావు, చిక్కం తెలీదా? దూడ మన్ను తినకుండా మూతికి కట్టే బుట్ట! తాడుతో అల్లుతారు!”

“ఎలా అల్లాలి?”

“నా కర్మ!” అని ఎలక కొబ్బరిపీచు లాక్కొచ్చి, ఇలా మడత పెట్టు, అలా దూర్చు, అక్కడ కాదు, ఇక్కడ, అని అల్లించింది. మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి కుదిరింది. పిల్లి ఆవలించినప్పుడు ఠపీమని మూతికి తగిలించాడు. పాపం ఆ పిల్లి ఇంత అవమానం ఎరగదు. మూలకి పోయి గోడకేసి తిరిగి కూచుంది. ఎలక ముందు, వల్లభుడు వెనక, తూములోంచి పాక్కుంటూ పోయారు.

తూము ఆ చివర సంపంగి ఉన్న గది. వాడు తల బయటపెట్టగానే ఆ పిల్ల ఏడుస్తుందా, నవ్వుతుందా అనుకున్నాడు. నడుం మీద చెయ్యేసుకుని, “ఇన్నాళ్ళకా రావడం?” అంది.

“పెద్దవాళ్ళే ముందు వెళ్ళాలన్నారు.”

“మీ ఇంటి ఆచారాలకో దణ్ణం! ఇక్కడ నా ప్రాణం పోతోంది. ఆ ధూమకేశుడు నన్ను పెళ్ళి చేసుకుంటానని కూచున్నాడు. పెళ్ళి అన్నాక పెళ్ళిసామాను ఉండాలి, మూడు తెమ్మన్నాను. మూడూ వచ్చేవరకూ నా జోలికి రానని ఒట్టేశాడు. మొదట బాసికం తెమ్మన్నాను. వాడికి మాటలన్నీ వచ్చు, వస్తువులే తెలీవు. నుదుటికి కట్టేదని ఎక్కడో విని, తలనొప్పికి కట్టే గుడ్డ తెచ్చాడు. తిప్పి తిప్పి పంపితే చివరికి సరైనది తెచ్చాడు. తరవాత పారాణి. కాళ్ళకి రాసేది, ఎర్రగా ఉంటుందని ఎవరో చెప్పారట. మిరపకాయల ముద్ద తెచ్చాడు!”

“అయ్యో! నువ్వేం చేశావు?”

“మా ఇంట్లో ముందు పెళ్ళికొడుక్కి రాస్తారన్నాను. రాసుకున్నాడు. వారం రోజులు గెంతాడు.” అప్పుడు కాస్త నవ్వింది. వెంటనే ఆ పిల్ల మొహం వాడిపోయింది. “తరవాత అదీ సరైనదే తెచ్చాడు. ఇక మూడోది, ఐరేని కుండలు. కుమ్మరి ఇంటినించి మేళంతో తెచ్చే రంగుల పెళ్ళికుండలు. వాటికోసమే పొద్దున పోయాడు. అవి వచ్చాయంటే ఇక వాణ్ణి ఆపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.”

“వాడి ప్రాణం ఎక్కడుందో?”

“అడిగాను. గొప్పలు చెప్పుకోవడం వాడికి సరదా. తోటలో పంజరంలో ఓ చిలక ఉంది, దాని గొంతులో ఉందట. పాతమాటలన్నీ దానికి నూరిపోశాడు. ఎవరు ఏ మాటన్నా ఆఖరి అక్షరం అందుకుంటుంది. ఒక్కసారి దాంతో మాట కలిపినవాడు ఇక ఆపలేడు. మీ అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు. ఆ చిలక ‘నాకు తెలియదు’ అన్ననాడు వీడికి చావు.”

“‘ళ’ దగ్గర ఆగే మాటంటే?”

“మీ పెద్దన్నగారు ‘తాంబాళం’ అన్నారు. చిలక ‘ళ’ కి ‘ల’ సరిపెట్టేసి ‘లక్కపిడత’ అంది.”

చూశారా, చిలకకున్న తెలివి మన కొండవర్మకి లేకపోయింది! ఆ పాటి సర్దుబాటు పెళ్ళిపందిట్లో చేసుంటే ఈ సముద్రాలన్నీ దాటే పని తప్పేది కదర్రా.

ఇంతలో దూరం నించి మేళం వినిపించింది. సంపంగి కిటికీలోంచి చూసి గోడకి ఆనుకుంది. ధూమకేశుడు వస్తున్నాడు. నెత్తిమీద కుండల దొంతి, వాటి మీద సున్నం బొట్లు, పసుపు చారలు. ఏదీ తప్పు లేదు. ఈసారి సరైనవే తెచ్చాడు.

వల్లభుడు తోటలోకి పరిగెత్తాడు. చెట్టుకింద పంజరం, పంజరం ముందు అన్నలు. గడ్డాలు పెరిగి, పెదాలు ఎండిపోయి, ఒకర్నొకరు చూసుకోకుండా చిలకనే చూస్తున్నారు.

“కవ్వం!” అంది చిలక. “వాసం” అన్నాడు మార్తాండుడు. “సన్నికల్లు” అన్నాడు కోదండుడు. “లక్కపిడత!” అంది చిలక. “తలగడ.” “డోలు.” “లోటా!”

“అన్నయ్యా!” అన్నాడు వల్లభుడు. వాళ్ళు వినలేదు. చిలక మాత్రం మెడ తిప్పి వీడికేసి చూసింది.

“గాదె!” అంది.

వాడి నాలిక దురద పెట్టింది. ఎంతైనా ఆ ఇంట్లోనే పుట్టాడు కదా. ‘దుత్త’ అనే మాట పళ్ళదాకా వచ్చింది. నాలిక కొరుక్కున్నాడు.

“గాదె అంటే ఏంటి?” అన్నాడు.

చిలక ముక్కు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. అది పుట్టాక ఈ మాట దాన్నెవరూ అడగలేదు. “గాదె అంటే… గాదె. నువ్విప్పుడు ‘ద’ తో అనాలి” అంది.

“అంటాను. ముందు అదేంటో చెప్పు. తింటారా, తొడుక్కుంటారా?”

“అది వదిలెయ్. దుత్త!”

వాకిట్లో ధూమకేశుడికి కుడికాలు తిమ్మిరెక్కింది.

“దుత్త అంటే ఏంటి? తలమీద పెట్టుకుంటారా, తలుపుకి వేస్తారా?”

“విసిగించకు!” అని చిలక పంజరంలో అటూ ఇటూ తిరిగింది. వాకిట్లో వాడికి ఎడమకాలూ తిమ్మిరెక్కింది. “చిలకా, వాడికి బదులివ్వకు! ఒరేయ్, నోరుముయ్యరా!” అని అక్కణ్ణించే అరిచాడు. పరిగెత్తుకొచ్చి వల్లభుడి పీక పట్టుకుందునా అంటే నెత్తిమీద కుండలాయె! పరిగెడితే పగులుతాయి. పగిలితే పెళ్ళి లేదు. కుండలు రెండు చేతుల్తో పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ, పళ్ళు కొరుకుతూ వస్తున్నాడు.

“లక్కపిడత!” అంది చిలక గట్టిగా.

“తలగడ” అన్నారు అన్నలిద్దరూ ఒక్కసారే. వల్లభుడి పెదాలు కూడా ‘త’ దగ్గరికి పోయాయి. కిటికీలో సంపంగి కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. పోయిందే పిల్ల, పోయింది అనుకోండి! వాడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. వసంతీ, నువ్వు నోరు మూసుకో. ఇప్పుడు అడగాల్సింది వాడు.

“లక్కపిడత అంటే ఏంటి?” అన్నాడు వల్లభుడు.

“ఏమో బాబూ! నాకు తెలియదు!” అని భోరుమంది చిలక. “వాడు చెప్పలేదు, నేనడగలేదు! ఎన్నేళ్ళనించో గొంతు చించుకుంటున్నా, ఒక్క ముక్క కూడా అదేంటో నాకు తెలియదు! తినేదో, తొడుక్కునేదో, ఏదీ తెలియదు!”

ధూమకేశుడు వచ్చినచోటే ఆగిపోయాడు. కాళ్ళ దగ్గర్నించి పొగ కావడం మొదలెట్టాడు. మోకాళ్ళు పోయాయి, నడుం పోయింది, మెడ పోయింది. దొంతి మెల్లిగా కిందికి దిగుతుంటే సంపంగి పరుగున వచ్చి రెండు చేతుల్తో పట్టుకుంది. ఇన్నాళ్ళకి సరైన కుండలు తెచ్చాడు, వదులుకుంటుందా? ఒక్కటీ పగల్లేదు. ధూమకేశుడు మాత్రం గాలికి కొట్టుకుపోయాడు.

అన్నలకి తెలివొచ్చింది. “నగారా…” అన్నాడు మార్తాండుడు అలవాటు కొద్దీ. “ముందు ఓడెక్కరా నాయనా!” అని బయట తాబేలు అరిచింది. చిలకని పంజరంలోంచి వదిలేస్తే, అది ఎక్కడికీ పోకుండా వల్లభుడి భుజమ్మీద వాలింది. ఏడు సముద్రాలు దాటి వచ్చేదాకా ఒకటే గోల. “అది అంటే ఏంటి? ఇది అంటే ఏంటి? కెరటం అంటే ఏంటి? తెరచాప అంటే ఏంటి?” వల్లభుడికి చిరాకొచ్చింది. వచ్చినా చెప్పాడు. అడిగేవాడికి బదులు దొరక్కపోతే ఎలా ఉంటుందో వాడికి తెలుసు కదా.

పలుకుదుర్గం ఒడ్డున కొండవర్మ నీళ్ళల్లో మోకాల్లోతున నించుని ఉన్నాడు. ఓడ ఇంకా ఆగకముందే, “వచ్చారా నా తండ్రుల్లారా! వచ్చావా అమ్మా!” అని ఏడ్చేశాడు. “ఆకలేస్తోంది నాన్నా” అన్నాడు మార్తాండుడు. రాజుగారి మాట ఏ అక్షరం దగ్గర ఆగిందో అక్కడ ఎవరూ చూసుకోలేదు, ఆయనా చూసుకోలేదు.

మళ్ళీ అదే పందిరి వేశారు. ఐరేని కుండలు వరసగా పెట్టారు. రాజుగారు కళ్ళు తుడుచుకుని, వియ్యాలవారిని చూసి, మెల్లిగా “మా వియ్యంకుడికి బంగారు తాంబాళం” అన్నాడు. కావలివాడు భయంతో రెండడుగులు వెనక్కి వేశాడు. చిలక ఎగిరొచ్చి సింహాసనమ్మీద వాలింది.

“తాంబాళం అంటే ఏంటి?” అంది.

రాజు నోరు తెరిచాడు. ఏ మాట దగ్గర తన ఇల్లు మునగబోయిందో, ఆ మాటంటే ఏంటో ఆయనకే తెలీదు! ముసలాయన కోడలికేసి తిరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అనని మాట అన్నాడు.

“నాకు తెలీదమ్మా. తాంబాళం అంటే ఏంటి?”

సంపంగి లోపలికెళ్ళి, రెండు చేతులా పట్టేంత పెద్ద పళ్ళెం, దాన్నిండా తమలపాకులూ పళ్ళూ పెట్టి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. “ఇదే మావయ్యగారూ” అంది. “ఇంత బరువుంటుందా!” అన్నాడు రాజు. మహారాణి ఎన్నాళ్ళకో నోరు విప్పి, “ఇక నుంచి వంకాయ వండను” అంది.

పెళ్ళయింది. వల్లభుడూ సంపంగీ చాలాకాలం రాజ్యం చేశారు. ఆ సభలో “అంటే ఏంటి” అని అడిగినవాడికి ముందువరసలో పీట వేసేవాళ్ళు. చిలక రోజూ ఆ పీట మీదే కూచుని అందరి ప్రాణాలూ తీసేది. వాళ్ళు వాళ్ళ కోటలో సుఖంగా ఉన్నారు, మనకి ఈ చింతపండు మిగిలింది. లేవండి, గింజలన్నీ చాటలోకి ఎత్తండి.

ఏమే వసంతీ, కదలవేం? ఏంటా చూపు? అడగాలనుంటే అడుగు. ఏంటీ, నేనే అడగొద్దన్నానా? బాగానే ఉంది! కథంతా విని మళ్ళీ నన్నే అంటావా? అడగందే అమ్మైనా పెట్టదంటారు, మామ్మ పెడుతుందా? నోరు తెరిచి అడగవే తల్లీ!

లక్కపిడతా? హమ్మయ్య, అడిగావు. ఎంతసేపటి నించి చూస్తున్నానో. ఆ స్టూలు లాగి ఇటు పట్టుకో. అటక మీద, ఆ పాత ట్రంకుపెట్టె వెనక, నేను చిన్నప్పుడు వంటాట ఆడుకున్న బుల్లి రంగుగిన్నెలు ఉన్నాయి. ఆఁ, ఇదిగో. దుమ్ము దులుపు. నోటితో చెబితే చిలకపలుకే అవుతుంది. ముందు చేతులు కడుక్కో, చింతపండు జిగట. కడుక్కున్నావా? ఏదీ, చెయ్యి పట్టు.